కదిలిన పీపాలు

"తలుపు తియ్యలేదన్నావు. మరి పావుగంట అక్కడెందుకు నిలబడ్డావు?"

ఓవెన్ రడాట్జ్ చేతుల బేడీలు ఎప్పుడో తీసేశారు. అయినా వాడు మణికట్లు రెండూ దగ్గరగానే పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళ మనిషి. రోడ్ల మీద తారు పోసే పని. మెడ వెనక చర్మం ఎండకి కమిలి పొరలు పొరలుగా ఊడుతోంది. సవతి తండ్రి లియో జబ్లాన్‌స్కీని చంపాడని ఆదివారం రాత్రి వాణ్ణి లోపల వేశారు. ఇవాళ మంగళవారం.

"ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను మేడమ్. క్షమించమని అడగడానికి వెళ్ళాను. పోయిన నెల ఆయన్ని నానా మాటలూ అన్నాను. మా అమ్మ డులూత్‌లో పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపోయిందంటే నువ్వూ, నీ బీరూ, నీ ఫ్రీజర్లే కారణం అన్నాను."

"ఆయన ఇంట్లోనే ఉన్నాడని ఎలా అనుకున్నావు?"

"గ్యారేజీలో డీప్ ఫ్రీజర్ మోటారు మోగుతోంది."

"ఫ్రీజరన్నాక మోగదా?"

"లియోది మోగదు. బీరు గడ్డకట్టకుండా దానికి విడిగా థర్మోస్టాట్ పెట్టాడు. కాసేపు తిరిగి ఆగిపోతుంది, మళ్ళీ ఎప్పటికో తిరుగుతుంది. శనివారం సాయంత్రం నేనున్నంతసేపూ ఒక్కసారి కూడా ఆగలేదు. మూత తెరిచి ఏదో సర్దుకుంటున్నాడు, నా గొంతు విని కూడా కావాలనే తలుపు తియ్యట్లేదు అనుకున్నాను. కోపమొచ్చి వెళ్ళిపోయాను."

"శనివారానికి ముందు ఎక్కడున్నావు?"

"పక్క కౌంటీలో హైవే పని. సోమవారం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా అక్కడే. మా గ్యాంగంతా ఒకే మోటెల్లో పడుకున్నాం. ఆ సంగతి ఎవరూ అడగలేదు."

నేను లేచి బయటికొచ్చాను. మా నాన్న కూడా బీరు కాచేవాడు. పాత ఫ్రిజ్జు తలుపుకి చిల్లు పొడిచి కుళాయి బిగించాడు. అది ఆగకుండా మోగిందంటే రెండే కారణాలు: ఎవరో తలుపు తీసి వదిలేశారు, లేదా వెచ్చటి సరుకు లోపల పెట్టారు.

వరండాలో వెర్న్ క్రూగర్ కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. మా షెరీఫ్ ఆఫీసులో లెఫ్టినెంటు. ఓవెన్‌ని లోపల వేసింది అతనే.

"అయిందా పరామర్శ?" అన్నాడు. "ఏడ్చాడా? నీ దగ్గరైతే ఏడుస్తారు. నా దగ్గర మాత్రం గోడకేసి చూస్తారు."

"నువ్వు గోడ గురించే అడుగుతావేమో."

"చూడు జోన్. గొడవపడ్డాడు, ఒప్పుకున్నాడు. శనివారం సాయంత్రం వాడి ట్రక్కు ఆ ఇంటి ముందు ఆగి ఉండడం ఎదురింటావిడ చూసింది. శనివారం రాత్రే ప్రాణం పోయిందని డాక్టర్ చెప్పాడు. ఇంకేం కావాలి నీకు?"

"లియో మోకాలు గాల్లో ఎందుకుందో కావాలి."

ఫొటో తీసి అతని ముందు పెట్టాను. సెల్లారు మెట్ల కింద లియో వెల్లకిలా పడి ఉన్నాడు. తల వెనక పగిలింది. పడితే పగిలిన దెబ్బ కాదనీ, గుండ్రటి అంచున్న బరువైన ఇనుప వస్తువుతో కొట్టారనీ డాక్టర్ అప్పుడే తేల్చాడు. కుడి మోకాలు మాత్రం మడత పడి పైకి లేచి ఉంది. దాని కింద ఆసరా ఏమీ లేదు.

"ఒళ్ళు బిగుసుకుపోయింది కాబట్టి," అన్నాడు క్రూగర్.

"బిగుసుకునే ముందు ఆ కాలు దేనికో ఆని ఉండాలి కదా. గాల్లో దానంతటది నిలబడదు. అది ఆనుకున్నది ఇప్పుడు అక్కడ లేదు."

"మోకాలి మీద కేసు నడుపుతావన్నమాట. నడుపు. రేపు పొద్దున జడ్జి దగ్గర నేను మాత్రం ట్రక్కు మీద నడుపుతాను."

*

డోరీన్ జబ్లాన్‌స్కీ వంటింట్లో దీపం కూడా వేసుకోకుండా కూర్చుని ఉంది. యాభై అయిదేళ్ళుంటాయి. బడిలో పిల్లలకి వండిపెట్టే పని. నా చిన్నప్పుడు నా కంచంలో కూడా ఆవిడే వడ్డించింది. డులూత్ నుంచి ఆదివారం మధ్యాహ్నం కారు నడుపుకుంటూ వచ్చి మొగుడి శవాన్ని చూసింది. సాయంత్రానికి కొడుకుని తీసుకుపోయారు.

"నా కొడుకే చేశాడా, జోన్?" అని అడిగింది. "నన్ను ఊరడించాలని చూడకు. నాకు తెలియాలి. వాడు చేసి ఉంటే, లియోని పాతిపెట్టే రోజున నేను ఎవరి పక్కన నిలబడాలి?"

"ఇంకా తెలియదు డోరీన్ గారూ. ఫ్రీజర్ చూపిస్తారా?"

గ్యారేజీలో ఆగస్టు వేడి కమ్ముకుని ఉంది. ఒక గోడకి పాత ఫ్రిజ్జు. అందులో లియో బీరు పులియబెట్టేవాడు. దాని పక్కన పొడుగాటి డీప్ ఫ్రీజర్. మూతకీ పెట్టెకీ మధ్య చెక్క చట్రం బిగించి, దానికి నాలుగు కుళాయిలు పెట్టాడు. లోపల నాలుగు స్టీలు పీపాలు. కుళాయిల మీద పేర్లు చెక్కిన చిన్న చెక్కబిళ్ళలు వేలాడుతున్నాయి. బయట థర్మోస్టాట్ ఎర్ర అంకెలు గడ్డకట్టడానికి కాస్త పైన ఆగి ఉన్నాయి. మోటారు చప్పుడు లేదు.

"ఎప్పుడూ ఇంతేనా? నిశ్శబ్దంగా?"

"ఇంతే. ఇది మోగితే లియోకి నిద్రలోనే మెలకువ వచ్చేసేది. నేను దగ్గితే రాదు గానీ." ఆవిడ నవ్వబోయి మానేసింది. అలవాటుగా గోడనున్న గ్లాసు తీసింది. "మీ నాన్నకి ఈ చివరి కుళాయిది ఇష్టం. పోయనా?"

డ్యూటీలో తాగకూడదు. కానీ చూడొచ్చు. సరే అన్నాను.

గ్లాసులో పడ్డది చూసి డోరీన్ చెయ్యి ఆగిపోయింది. బీరు బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది.

"ఇదేమిటి? జూలై నాలుగున తాగాం దీన్ని. గ్లాసు వెనక వేలు పెడితే వేలిముద్ర కనపడింది. పది వారాలుగా చలిలో తేరుకుంటున్న బీరు. ఫ్రీజర్ మూతకి ఆనుకుంటే కూడా నా మీద అరిచేవాడు, అడుగున మడ్డి లేస్తుందని."

ఆ గ్లాసు పారబోసి మళ్ళీ పట్టాం. అలాగే ఉంది. మిగతా మూడు కుళాయిలూ తిప్పాం. నల్ల బీరులో తెలియలేదు గానీ, తక్కిన రెండూ మసకే. ఒక పీపా కదిలిందంటే ఎవరో తగిలారనుకోవచ్చు. ఇక్కడ అన్నీ కదిలాయి.

"ఏ కుళాయికి ఆ బీరే వస్తోందా?" అని అడిగాను.

డోరీన్ ఒక్కో గ్లాసూ వాసన చూసింది, రుచి చూసింది. "ఆఁ. బిళ్ళ మీద పేరున్నదే వస్తోంది."

"పీపాల మీద గుర్తులేమైనా ఉన్నాయా?"

"ఉండవు. ఏది ఏదో లియోకి తెలుసు, కర్టిస్‌కి తెలుసు. నేను పదిహేడేళ్ళు ఈ ఇంట్లో ఉన్నాను, నాకే తెలియదు."

కర్టిస్ వాండెహై ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు. లియోతో కలిసి బీరు కాచే స్నేహితుడు. ఊళ్ళోని బీరు క్లబ్బుకి పెద్ద. హార్డ్‌వేర్ షాపులో పని, ఒంటరి మనిషి. శనివారం మధ్యాహ్నమే ఓ క్లేర్ అనే ఊళ్ళో రాష్ట్రం బీరు పోటీలకి వెళ్ళి, ఆదివారం సాయంత్రం పతకంతో తిరిగొచ్చాడు. ఇరవై మంది చూశారు.

వాకిట్లో రెండు బళ్ళు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. మొదటిది క్రూగర్‌ది.

"నా కేసులో నువ్వు బీరు తాగుతున్నావా?" అన్నాడు కాఫీ కప్పుతో గ్యారేజీలోకి వస్తూనే.

రెండో బండిలోంచి కర్టిస్ దిగాడు. పొడుగ్గా, వంగిన భుజాలతో, చేతిలో గుడ్డ కప్పిన వంట గిన్నె. పొద్దుటి నుంచీ ఊళ్ళోవాళ్ళంతా ఆవిడకి తిండి తెస్తూనే ఉన్నారు.

"నూడుల్సూ, టూనా చేపా," అన్నాడు డోరీన్‌తో. "వేడి చేసుకుంటే చాలు. నిన్న కూడా ఏమీ తినలేదట కదా." తరవాత నా చేతిలో గ్లాసు చూశాడు. చూపు కాస్త ఎక్కువసేపే ఆగింది.

"మీరు చెప్పండి కర్టిస్ గారూ," అన్నాను గ్లాసు చాపి. "ఇలా ఎందుకుంది?"

అతను గ్లాసు వెలుతురుకి ఎత్తి చూశాడు. "చలిమసక అంటాం దీన్ని. మరీ చల్లబడితే గింజలోని మాంసకృత్తులు మబ్బులా కడతాయి. తప్పేం కాదమ్మా. వెచ్చబడితే అదే పోతుంది."

"మా నాన్న కూడా అదే అనేవాడు. ఉండండి, చూద్దాం."

గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాను. క్రూగర్ గడియారం చూసుకున్నాడు. "జోన్, ఇదేం పూజ?"

"ఒక్క నిమిషం ఆగు. నువ్వు ఓవెన్‌ని లోపల వేసి రెండు రోజులైంది. ఆ పిల్లాడు ఆగాడుగా."

గ్లాసు నా ఒంటి వెచ్చదనానికి వచ్చింది. మసక మాత్రం అలాగే ఉంది. అడుగున సన్నటి తెల్లటి మడ్డి చేరుతోంది.

"చలిమసకైతే ఈపాటికి పోవాలి," అన్నాను. "ఇది బీరు పులియబెట్టే ఈస్టు మడ్డి. పీపాలు కదిలాయి."

"పోలీసులు కదిపి ఉంటారు," అన్నాడు కర్టిస్ వెంటనే. "ఆదివారం ఇంటినిండా మీవాళ్ళే కదా."

క్రూగర్ మొహం ఎర్రబడింది. "మావాళ్ళెవరూ ఈ పెట్టె ముట్టుకోలేదు. శవం సెల్లారులో ఉంటే ఇక్కడేం పని? మూతకి సీలు వేయించింది నేనే. పొద్దున ఈవిడ అడిగిందనే తీయించాను. నా సీలు చెక్కుచెదరలేదు."

నన్ను దెబ్బకొట్టాలని అన్నాడు ఆ మాట. అనేశాక, తను ఏం అన్నాడో అతనికే అర్థమైనట్టుంది. కాఫీ కప్పు పక్కన పెట్టాడు.

"పీపాలు బయటికి తీయడానికి సాయం పట్టు, వెర్న్," అన్నాను.

ఇద్దరం గొట్టాలు ఊడదీసి నాలుగు పీపాలూ నేల మీదికి దించాం. ఫ్రీజర్ అడుగు కొత్త కంచంలా మెరుస్తోంది. ఇలాంటి పెట్టెల అడుగున ఎప్పుడూ నీళ్ళు నిలిచి, బూజు పట్టి ఉంటుంది. పక్కనున్న పాత ఫ్రిజ్జు అడుగు నల్లగానే ఉంది. దీన్ని మాత్రం ఎవరో ఈమధ్యే రుద్ది కడిగారు. లోపల ఒక చివర, మోటారు కోసం, మెట్టులా ఎత్తు వదిలారు. ఆ మెట్టు అంచు కత్తిరించినట్టు తిన్నగా ఉంది.

జేబులోంచి రెండో ఫొటో తీశాను. డాక్టర్ శవాన్ని తిప్పి తీసింది. చచ్చాక నెత్తురు కిందికి దిగి చర్మం ఊదాగా మారుతుంది. ఒత్తిడి పడిన చోట మాత్రం తెల్లగా మిగిలిపోతుంది. లియో నడుము మీద అడ్డంగా ఒక తెల్లటి పట్టీ, తిన్నటి అంచుతో.

క్రూగర్ ఫొటో తీసుకున్నాడు. వంగి మెట్టు వెడల్పు కొలిచాడు. మళ్ళీ ఫొటో చూశాడు. మళ్ళీ కొలిచాడు.

"మోకాలు ఈ పెట్టె గోడకి ఆనుకుంది," అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా. "మనిషి పొడుగు. పట్టక ముడిచారు."

డాక్టర్ లిండ్‌క్విస్ట్‌కి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టాను. గడ్డకట్టడానికి కాస్త పైన ఉండే చలిలో శవాన్ని పెట్టి, తరవాత తీసి సెల్లారులో పడుకోబెడితే మీ లెక్క ఏమవుతుందని అడిగాను.

అటునుంచి కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"నా లెక్క చెత్తబుట్టలోకి పోతుంది," అన్నాడు డాక్టర్. "చలిలో ఒళ్ళు బిగుసుకుని అలాగే ఉండిపోతుంది, కుళ్ళదు. ఈ ఎండల్లో ఇంత తాజాగా ఉందంటే ఒక్క రోజేననుకున్నాను. ఒళ్ళు గదికంటే చల్లగా ఉంది జోన్. సెల్లారు నేల చల్లదనం అనుకుని వదిలేశాను. శనివారం కాదు. గురువారమై ఉండొచ్చు."

"గురువారం ఓవెన్ హైవే మీద తారు పోస్తున్నాడు," అన్నాను ఫోన్ పెట్టేసి. "వాడి గ్యాంగంతా సాక్ష్యం చెబుతారు."

డోరీన్ గోడకి ఆనుకుంది. నోరు చేత్తో మూసుకుని రెండుసార్లు తలూపింది. కొడుకు కోసం వచ్చిన ఏడుపది. మొగుడి కోసం వచ్చేది ఇంకా వెనకే ఉంది.

"నాకేం అర్థం కావడం లేదు," అన్నాడు కర్టిస్. "నేను ఓ క్లేర్‌లో ఉన్నాను. శనివారం మధ్యాహ్నం బయల్దేరాను. మీరందరినీ అడగొచ్చు."

"శనివారం సంగతి ఇక్కడ ఎవరూ అడగలేదు కర్టిస్ గారూ. శనివారం ఎక్కడున్నాడో గట్టిగా చెప్పగలిగిన మనిషి కోసమే నేను వెతుకుతున్నాను. ఇందులోంచి పీపాలు తీసినవాడు రెండు రోజులు వాటిని ఈ వేడిలో వదిలేశాడు. తరవాత నాలుగింటినీ మళ్ళీ లోపల పెట్టాడు. గుర్తుల్లేని పీపాలు. ఒక్కటి కూడా తప్పు గొట్టానికి తగిలించలేదు. వెచ్చటి పీపాలు చల్లబడడానికి మోటారు ఆ సాయంత్రమంతా తిరిగింది. ఓవెన్ విన్నాడు. ఏది ఏ పీపానో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు పోయారు."

కర్టిస్ గిన్నె ఇంకా చేతుల్లోనే పట్టుకుని ఉన్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చుట్టూ చూశాడు.

అప్పుడు డోరీన్ మాట్లాడింది. ఆవిడ గొంతు నేనెప్పుడూ అలా వినలేదు.

"గురువారమే పోయాడా?"

"అవును డోరీన్ గారూ."

"మరి శుక్రవారం రాత్రి నాతో మాట్లాడిందెవరు?"

ఫోన్ తీసి నాకివ్వలేదు. తనే చదివింది, ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూ. "నేను రాశాను. 'నాదే తప్పు లియో. గ్యారేజీ నీది. ఇంకెప్పుడూ ఒక్క మాట అనను. నన్ను ఇంటికి రానిస్తావా' అని. పది నిమిషాలకి జవాబొచ్చింది. 'రా. నేనూ తప్పు చేశాను. ఆదివారం రా, తొందరేం లేదు' అని." ఫోన్ దించింది. "ఆ రాత్రి ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయాను. ఆదివారం దారిలో ఆయనకి ఇష్టమని చెర్రీ పళ్ళ తీపిరొట్టె కొనుక్కుని వచ్చాను. నువ్వేనా, కర్టిస్?"

క్రూగర్ అతని వెనక్కి నడిచాడు. అంత పెద్ద మనిషి అంత చప్పుడు లేకుండా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

"శుక్రవారం రాత్రి నేనిక్కడే ఉన్నాను. ఆయన ఫోన్‌కి తాళం పెట్టేవాడు కాదు," అన్నాడు కర్టిస్. "ఈ బల్ల మీదే ఉంది. మోగింది. చదివాను. జవాబివ్వకపోతే నువ్వు రాత్రికి రాత్రే బయల్దేరతావేమోనని భయపడ్డాను. ముందు అందుకే రాశాను." గిన్నె మీది గుడ్డ సర్దాడు. "'నేనూ తప్పు చేశాను' అన్న మాట రాయక్కర్లేదు. 'ఆదివారం రా' అంటే సరిపోయేది. నువ్వు ఏడుస్తూ రాసినట్టనిపించింది."

"ఎందుకు చేశావు?"

"గురువారం రమ్మన్నాడు. ప్రతి గురువారం వచ్చేవాణ్ణే కదా, కానీ ఆ రోజు పనిగట్టుకుని పిలిచాడు. ఇదంతా నువ్వు తీసుకుపో అన్నాడు. ఫ్రీజర్, ఫ్రిజ్జు, పీపాలు అన్నీ. 'డులూత్ వెళ్ళి డోరీన్‌ని తెచ్చుకుంటాను, ఇంక బీరు కాచను' అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నాకు షాపు నుంచి గదికి, గది నుంచి ఇక్కడికి తప్ప ఇంకో దారి లేదు డోరీన్. నా గదిలో దీన్ని పెట్టడానికి చోటు కూడా లేదన్నాను. 'అయితే అమ్మేసుకో' అన్నాడు. అటు తిరిగి గొట్టాలు ఊడదియ్యడం మొదలుపెట్టాడు. నా చేతిలో ఖాళీ పీపా ఉంది."

గిన్నెని జాగ్రత్తగా ఫ్రీజర్ మూత మీద పెట్టాడు. పెట్టాక, ఆ మూత మీద ఏమీ పెట్టకూడదన్న అలవాటు గుర్తొచ్చినట్టు మళ్ళీ తీసి, నేల మీద పెట్టాడు. క్రూగర్ అతని చేతులు వెనక్కి తీసుకుని, నిందితుడికుండే హక్కులు చదివాడు. అతని గొంతులో రోజూ ఉండే దర్జా లేదు. బండి దాకా నడిపించి, తిరిగి ఒక్కడే వచ్చాడు.

"ఓవెన్‌ని నేనే వదులుతాను," అన్నాడు నా వంక చూడకుండా. "ఆ పిల్లాడికి నేనే చెబుతాను."

డోరీన్ అక్కడే నిలబడి ఉంది. "నన్ను తెచ్చుకోవడానికి వస్తానన్నాడా లియో," అంది. అది ప్రశ్న కాదు. ఆ మాట తను వినగలిగేలా పైకి అనుకుంటోంది. లియో నోటితో అన్న మాట అది, ఆయన్ని చంపినవాడి నోటి నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ ఆవిడకి చేరే వీల్లేని మాట.

ఫోన్ తెర చీకటైపోతే వేలితో మళ్ళీ వెలిగించింది.

"జోన్, ఇది ఆయన రాసింది కాదు కదా. తీసెయ్యనా?"

"వద్దు డోరీన్ గారూ. కోర్టులో చూపించాలి."

"ఎన్నాళ్ళు ఉంచాలి?"

తెలియదన్నాను. ఆవిడ తలూపి, ఫోన్‌ని ఏప్రాన్ జేబులో వేసుకుని, కొడుకు వస్తాడని వంటింట్లో దీపం వెయ్యడానికి వెళ్ళింది.